బిడ్డ మాట కాగితం మీదికి ఎక్కేటప్పుడు

శిక్షణ మొదలైన అరగంటకే మాకు తలో తెల్లకాగితం ఇచ్చారు. తొమ్మిదేళ్ల పిల్ల చెప్పిందనుకోండి అంటూ నాలుగు ముక్కలు చదివారు. "మావ ఒగ్గనేదు. నాను ఏడిసినాను. అప్ప వచ్చినాది. అప్పుడు ఒగ్గీసినాడు." మా వైపు ఒగ్గడమంటే వదలడం, అప్ప అంటే అక్క. రెండు నిమిషాల్లో విన్నది రాసి ఇచ్చేయమన్నారు.

కాగితాలు తీసుకుని ఒక్కొక్కటే పైకి చదువుతుంటే హాల్లో మాట లేదు. "మేనమామ ఆ బాలికను గదిలో నిర్బంధించాడు" అని ఒకరు రాశారు. "వదిలిపెట్టకుండా వేధించాడు, అక్క వచ్చి కాపాడింది" అని ఇంకొకరు. "బాలిక భయాందోళనకు గురై రోదించింది" అని మరొకరు. ఆ పిల్ల గది అనలేదు. మేనమామ అని కూడా అనలేదు. మన వైపు మావ అంటే మేనమామ కావచ్చు, అత్త మొగుడు కావచ్చు, పక్కింటాయన కావచ్చు. అప్ప వచ్చింది అంది తప్ప కాపాడింది అనలేదు. 28 మందిలో నాలుగు ముక్కలూ ఉన్నవి ఉన్నట్టు రాసినవాళ్లు ముగ్గురే, ఆ ముగ్గురిలో ఇద్దరు బాలసదనం ఆయాలు. పదో తరగతి దాటనివాళ్లు. చదువుకున్న కొద్దీ చేతికి అలవాటైన పత్రికల భాషే బిడ్డ మాటకి అడ్డం పడింది.

ఇది విజయనగరంలో మూడు రోజులు జరిగిన శిక్షణ. అంగన్‌వాడీ కార్యకర్తలు, సూపర్‌వైజర్లు, ఆయాలు, హాస్టల్ వార్డెన్లు, ఫాస్టర్ తల్లిదండ్రులుగా ఉండడానికి, అంటే వేరేవాళ్ల బిడ్డని కొంతకాలం ఇంట్లో పెట్టుకుని చూసుకోడానికి, ముందుకొచ్చిన నాలుగు జంటలు కలిసి కూర్చున్నాం. పిల్లలతో పని చేసేవాళ్లకి, పిల్లల్ని ఇంట్లో పెట్టుకోబోయేవాళ్లకి ఉపయోగపడతాయనుకున్న విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

ఆ కాగితం మీద అంత పట్టుదల ఎందుకంటే, రేపు కోర్టులో అడిగేది దాని గురించే. బిడ్డ మొదటిసారి నోరు విప్పింది పోలీసుల ముందు కాదు, ఆయమ్మ ముందో, టీచర్ ముందో. మనం "గదిలో నిర్బంధించాడు" అని రాశాం. ఆరు నెలల తర్వాత బిడ్డ "పెరట్లో" అని చెప్పింది. బిడ్డ మాట మార్చిందంటారు. బిడ్డ మార్చలేదు, మనం మార్చాం. అబద్ధం అనిపించుకునేది మాత్రం బిడ్డ.

చట్టం పాఠం మధ్యాహ్నం దాకా నడిచింది. పోక్సో, అంటే పిల్లల మీద జరిగే లైంగిక నేరాల చట్టం, 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్లు నిండని ఎవరైనా ఆ చట్టం కింద బిడ్డే, ఆడైనా మగైనా. పెళ్లయిపోయింది కదా అన్న మాట చెల్లదు. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా, 19వ సెక్షన్ ప్రకారం స్థానిక పోలీసులకి గానీ, ప్రత్యేక జువెనైల్ పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలి. రుజువు మన దగ్గర ఉండనక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా.

ఎక్కువమంది తడబడింది ఎవరికి చెప్పాలన్న దగ్గర. "సూపర్‌వైజరమ్మకి చెప్పేశాను, నా పని అయిపోయింది" అన్నారు కొందరు. అవదు. పైఅధికారికి చెప్పడం ఆఫీసు పద్ధతి, పోలీసులకి చెప్పడం చట్టం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే సరిపోతుందా అని ఒక వార్డెన్ అడిగారు. 1098 ఇప్పుడు కేంద్రం పిల్లల రక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద, అత్యవసర నంబర్ 112తో కలిసి నడుస్తోంది. చెయ్యాల్సిందే, బిడ్డకి సాయం త్వరగా అందుతుంది. అయితే చట్టం పేరు పెట్టి చెప్పింది పోలీసుల్నే కాబట్టి అక్కడ కూడా నమోదు కావాలి. స్టేషన్‌లో చెప్పిన ప్రతి సమాచారానికీ ఒక ఎంట్రీ నంబర్ ఇవ్వాలి, రాసింది మనకి చదివి వినిపించాలి. ఆ నంబర్ అడిగి రాసుకోకుండా బయటికి రావద్దు. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి, అంటే సీడబ్ల్యూసీకి, ప్రత్యేక కోర్టుకి తెలియజేయాలి. ఆ నంబర్ ఉంటేనే మర్నాడు సమితికి ఫోన్ చేసి "వచ్చిందా" అని అడగగలం.

మన జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక రాజాం విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. బిడ్డ ఊరు ఒక జిల్లా, చదివే హాస్టల్ ఇంకో జిల్లా, సంగతి జరిగింది మూడో చోట. "ఇది మా పరిధి కాదు" అన్న మాటకి వెనక్కి తిరిగి రాకూడదు. పరిధి ఏదైనా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకుని జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి తర్వాత బదిలీ చేసుకోవాలి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టంలో 173వ సెక్షన్ అదే చెబుతోంది.

ఊరి పెద్దమనుషుల తగువు గురించి కూడా గట్టిగా చెప్పారు. పోక్సో నేరానికి ఊళ్లో డబ్బు కట్టించి సర్దుబాటు చేసే దారి చట్టంలో లేదు. ఆ తగువులో కూర్చున్న కార్యకర్త తెలిసి కూడా చెప్పని మనిషి కిందే లెక్క. మన ఊళ్లలో ఇది చాలా కష్టమైన సంగతి. ఆ పెద్దల ఇళ్ల మధ్యనే మన సెంటరు ఉంటుంది. అందుకే ఒక్కరే వెళ్లకుండా సచివాలయం మహిళా పోలీసుని తోడు పెట్టుకుని వెళ్లమన్నారు.

తప్పిపోయిన, వదిలేసిన పిల్లల సంగతి వేరు. అది బాలల న్యాయ చట్టం, 2015. విజయనగరం జంక్షన్లో రాయ్‌పూర్ లైను హౌరా లైనులో కలుస్తుంది. రైళ్లలోంచి దిగిపోయిన పిల్లలు ప్లాట్‌ఫారం మీద కనిపిస్తుంటారు. జాలితో ఇంటికి తీసుకుపోయి రెండు రోజులు అన్నం పెట్టి, తర్వాత చూద్దాం అనుకోవడం మనవాళ్లు చేసే మంచి పనిలా కనిపించే తప్పు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు బిడ్డ సమితి ముందుండాలి. కుటుంబానికి దూరమైన బిడ్డ కనిపించీ సమాచారం ఇవ్వకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ పదివేలు జరిమానా గానీ రెండూ గానీ. సమితి కూర్చోని రోజైతే ఒక సభ్యుడి ముందు హాజరుపరచినా చెల్లుతుంది. తీసుకెళ్లినవాళ్లు నింపాల్సింది ఫారం 17. అందులో బిడ్డ ఎక్కడ, ఏ స్థితిలో, ఎవరితో కనిపించిందో రాసే గళ్లు ఉంటాయి. "అనాథ" అని రాయడానికి చెయ్యి ఉరుకుతుంది. రాయకూడదు. తల్లిదండ్రులు లేరని తేల్చేది సమితి. మనకి తెలిసింది "ఒంటరిగా ఉంది" అన్నంతవరకే.

వార్డెన్లకి విడిగా ఇంకో మాట చెప్పారు. బాలల సంరక్షణ సంస్థలో క్రమశిక్షణ పేరుతో పిల్లల్ని కొడితే 82వ సెక్షన్ కింద మొదటిసారికి పదివేలు జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ. కొట్టకపోతే వింటారా అన్న వాదన కాసేపు నడిచింది. నా ఉద్దేశంలో ఆ వాదనకి జవాబు ఒకటే. కొట్టే చేతికి భయపడిన బిడ్డ, రేపు ఇంకెవరైనా బాధపెడితే ఆ చేతి దగ్గరికి వచ్చి చెప్పుకోదు.

రెండో రోజు ఉదయం ఒంటిమీది గుర్తుల పాఠం. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. బొమ్మ గీసిన కాగితం, ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. ఆడుకుంటూ పడితే దెబ్బ తగిలేది ఎముక పైకి ఉన్నచోట: మోకాలు, మోకాలి కింద ఎముక, మోచెయ్యి, నుదురు, గడ్డం. చెవులు, మెడ, పొట్ట, వీపు, పిరుదులు, తొడల లోపలి వైపు, పై చేతులు ఇలాంటి చోట కమిలితే మామూలుగా పడినప్పుడు తగిలే దెబ్బ కాదు, ఆగి చూడాలి. ఇంకా పాకడం కూడా రాని పసిబిడ్డ ఒంటిమీద ఎక్కడ కమిలినా వెంటనే డాక్టరు చూడాలి. ఆ వయసు బిడ్డ తనంతట తాను ఎక్కడికీ వెళ్లి పడదు.

రంగు చూసి "ఇది మూడు రోజుల కిందటి దెబ్బ" అని చెప్పకూడదు. అలా కచ్చితంగా చెప్పడం డాక్టర్లకే కుదరదు. రాసేది కొలత, చోటు, రంగు, ఆకారం: "ఎడమ చెవి వెనక, సుమారు రెండు సెంటీమీటర్లు, ఊదా రంగు." "కొట్టిన దెబ్బ" అని రాయకూడదు. ఎలా తగిలిందని అడిగితే ఇంట్లోవాళ్లు చెప్పింది, బిడ్డ చెప్పింది వేరువేరుగా రాయాలి. రెండూ కలవకపోతే ఆ కలవకపోవడమే ముఖ్యం.

పుట్టిన పిల్లల్లో నడుము కింద, పిరుదుల మీద నీలం, బూడిద రంగు మచ్చలు ఉంటాయి. మన పిల్లల్లో చాలామందికి ఉంటాయి, నాలుగైదేళ్లకి వాటంతట అవే పలచబడతాయి. వాటిని కమిలిన దెబ్బలనుకుని తల్లిని నిలదీస్తే ఆ తల్లి ఇంక సెంటరుకి రాదు. బిడ్డ బరువు తూచే రోజే మచ్చలు గ్రోత్ కార్డు పక్కన రాసి పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు. దెబ్బ రోజులు గడిచేకొద్దీ రంగు మారుతుంది, పుట్టుమచ్చ అలాగే ఉంటుంది.

కాలిన గాయాల్లో వేడినీళ్లు చిందినవి చెదురుగా, అంచులు వంకరటింకరగా ఉంటాయి. కాళ్లో చేతులో నీళ్లలో ముంచితే మేజోడు తొడిగినట్టు ఒకే గీత దగ్గర ఆగుతుంది, చుట్టూ చిందిన మచ్చలు ఉండవు. ఇక మన వైపు వాతలున్నాయి. పసిరికలని, ఫిట్సని, డొక్కలెగరేస్తున్నాయని పసిబిడ్డల పొట్ట మీద కాల్చి వాత పెట్టడం ఇంకా పోలేదు. ఇది హింసలో రాయాలా వద్దా అని హాల్లో గట్టిగానే మాట్లాడుకున్నాం. బిడ్డ కాలింది నిజం, పుండు పడి చీము పట్టడం నిజం. వాళ్లు వైద్యమనుకుని చేసింది కూడా నిజం. చివరికి తేలింది ఏంటంటే, ముందు బిడ్డ పీహెచ్‌సీకి వెళ్లాలి, వాత ఎందుకు పెట్టారో ఆ జబ్బుకి మందు పడాలి. చూసింది రాయాలి, ఎవరు పెట్టారో, ఏ జబ్బుకని పెట్టారో వాళ్ల మాటల్లోనే రాయాలి. దాచకూడదు, తీర్పు కూడా చెప్పకూడదు. ఎలా చూడాలో పిల్లల రక్షణ అధికారి తేలుస్తారు.

మధ్యాహ్నం జంటలుగా కూర్చుని వినడం నేర్చుకున్నాం. ఒకరు బిడ్డ, ఒకరు టీచర్, పక్కన ఇంకొకరు చూసి రాసుకునేవాళ్లు. వినడం కూడా నేర్పాలా అనుకున్నవాళ్లే ఎక్కువ తప్పులు చేశారు.

మొట్టమొదటి తప్పు ముఖంలోనే దొరికిపోయింది. బిడ్డ పాత్రలో ఉన్నావిడ సగం వాక్యం చెప్పగానే ఎదుటావిడ "ఓలమ్మా!" అంది, చెయ్యి నోటికి వెళ్లింది. మన దగ్గర అది జాలి. బిడ్డకి మాత్రం తాను చెప్పకూడనిది చెప్పేశానన్న భయం. తర్వాత అడిగితే బిడ్డగా కూర్చున్నావిడే చెప్పింది, ఆ మాట విన్నాక మిగతాది నోటి దాకా వచ్చి ఆగిపోయిందని. ముఖం మామూలుగా ఉంచుకోవడం మళ్లీ మళ్లీ సాధన చేస్తేనే వస్తుంది. ఉలిక్కిపాటు వస్తే ఊపిరి తీసుకుని మనసులో పది లెక్కపెట్టమన్నారు. ఆ పది అంకెల్లో చాలాసార్లు బిడ్డే తర్వాతి ముక్క చెబుతుంది.

రెండో తప్పు మాట ఇవ్వడం. "ఎవరికీ సెప్పనులే, సెప్పమ్మా." ఇది అందరి నోటా వచ్చింది. చెప్పి తీరాల్సిన మనిషి చెప్పనని ఒట్టు వేస్తే, పోలీసు వచ్చిన రోజున ఆ బిడ్డ నమ్మకం రెండోసారి పోతుంది. దాని బదులు చెప్పాల్సిన మాటలు మాకు రాయించారు. "నువ్వు చెప్పి మంచి పని చేశావు. తప్పు నీది కాదు. నీకు సాయం చేసేవాళ్లకి మాత్రం నేను చెప్పాలి. చెప్పేముందు నీకు చెబుతాను."

మూడోది ప్రశ్న. "మావ నిన్ను కొట్టాడా? చెయ్యి పట్టుకున్నాడా?" అని అడిగితే జవాబు మనం చేతిలో పెట్టినట్టే. భయపడిన పిల్లలు అవునంటారు, లేదంటే కాదంటారు, పెద్దవాళ్లకి ఏది కావాలో చూసి చెబుతారు. అడగదగ్గవి రెండే: "ఏటయినాది?", "ఆ తర్వాత?" "ఎందుకు అరవలేదు", "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు" అన్నవి అసలు ప్రశ్నలే కాదు, నింద. ఇవి కాక రక్షణ కోసం తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇప్పుడు ఒంట్లో నొప్పి ఉందా, ఆ మనిషి ఈ రాత్రి ఇంట్లో ఉంటాడా, ఈ సంగతి ఎప్పటిది. అంతటితో ఆగాలి. పూర్తి వివరం తీసుకోవడం పోలీసుల పని, మేజిస్ట్రేట్ పని. బిడ్డ అయిదుగురికి అయిదుసార్లు చెబితే అయిదు రకాలుగా వస్తుంది, ప్రతిసారీ బిడ్డ మళ్లీ నలుగుతుంది.

ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని కూర్చున్న జంటలకంటే, పక్కపక్కన కింద కూర్చుని ఏదో పని చేస్తూ మాట్లాడిన జంటలకి మాట బాగా నడిచింది. ఒక జంట ఇలా చేసింది.

"ఏటమ్మా, అలగ కూకున్నావు?"

"ఏటీ నేదు."

"సరే. నేనిక్కడే చిక్కుళ్లు ఒలుస్తుంటాను. నువ్వూ ఒలుస్తావా?"

చాలాసేపు చిక్కుళ్లే. తర్వాత, "నాను ఇంటికెల్లను."

"ఎల్లవా. సెప్పు."

ఇక్కడ టీచర్ "ఎందుకు" అనకుండా "సెప్పు" అనడం చూసి శిక్షణ ఇచ్చిన మేడమ్ ఆపి, అందరి చేతా ఆ మాట మూడుసార్లు అనిపించారు. బిడ్డ భాషలోనే మాట్లాడడం కూడా గమనించమన్నారు. పుస్తకాల తెలుగులో అడిగితే పుస్తకాల జవాబు వస్తుంది. తలుపు మూయకూడదు, నలుగురికీ కనబడాలి గానీ మాట వినబడకూడదు. అడక్కుండా తల నిమరకూడదు, దగ్గరికి తీసుకోకూడదు. ఒంటిని ఎవరో బాధపెట్టిన బిడ్డకి ఇంకో చెయ్యి కూడా భయమే.

మగపిల్లల దగ్గర అందరం తేలిగ్గా తీసుకుంటున్నామని బయటపడింది కూడా అప్పుడే. అబ్బాయి పాత్ర వచ్చేసరికి జంటలు ఒక్క నిమిషంలో ముగించేశాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి, 12,447 మంది పిల్లలతో చేయించిన అధ్యయనం 2007లో వచ్చింది. ఏదో ఒక రకం లైంగిక హింస ఎదురైందని చెప్పినవాళ్లు 53.22 శాతం, వాళ్లలో సగం పైన మగపిల్లలే. చేసినవాళ్లలో సగం మంది బిడ్డకి తెలిసినవాళ్లే. ఆ అంకెలు బోర్డు మీద రాశాక అదే పాత్ర మళ్లీ చేయించారు.

రాత పద్ధతి వేరే గంటన్నర. విన్న గంటలోపు రాయాలి. పెన్నుతో రాయాలి, దిద్దాల్సి వస్తే ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం, తెల్లరంగు పూయకూడదు. తేదీ, సమయం, చోటు, ఎవరెవరు ఉన్నారు. బిడ్డ మాట కొటేషన్లలో, మనం అడిగిన ప్రశ్న కూడా కొటేషన్లలోనే, ఎందుకంటే ప్రశ్న చూస్తే గానీ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. బిడ్డ ఏడ్చిందా, చేతులు నలుపుకుందా, మధ్యలో ఎంతసేపు ఆగిందీ విడిగా. మన అభిప్రాయానికి చోటు లేదు. బిడ్డ చేత సంతకం పెట్టించకూడదు. హాజరు రిజిస్టర్‌లో, రోజూ అందరూ తిరగేసే పుస్తకంలో రాయకూడదు. కాగితం కవర్లో పెట్టి బీరువాలో తాళం వేయాలి. ఫోన్లో ఫొటో తీసి మన అంగన్‌వాడీ సెక్టార్ ఫోన్ గ్రూపులో పెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. బిడ్డ పేరు, ఫొటో, చదివే బడి, గుర్తుపట్టే ఏ వివరం బయటపెట్టినా బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ రెండు లక్షల దాకా జరిమానా గానీ రెండూ గానీ ఉంది.

మాండలికం మాట వస్తే ఏం చెయ్యాలి? "ఒగ్గనేదు" అన్నది కోర్టులో కూర్చున్న గుంటూరు మనిషికి తెలియకపోవచ్చు. అప్పుడు కూడా కొటేషన్లలోని మాట కదపకూడదు. దాని కింద విడిగా ఒక వరుస: "ఒగ్గు అంటే ఈ ప్రాంతంలో వదులు అని వాడుక." అంతే. మావ అంటే ఎవరో తెలియకపోతే "మావ అన్నది ఎవరినో బిడ్డ చెప్పలేదు" అని రాయాలి, మనకి తెలిసిన చుట్టరికం కలిపేయకూడదు. ఒంటి భాగాల పేర్లు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటాయి. బిడ్డ ఏ మాట వాడిందో అదే రాయాలి, సిగ్గుపడి "రహస్య భాగం" అని మార్చితే ఏ భాగమో ఎవరికీ తెలియకుండా పోతుంది.

పలికే మాటని రాతలోకి తేవాలని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే పుట్టారు. సవర గిరిజనులు తమకి రాని భాషలో చదువుకోవాల్సి వస్తోందని ఆయనే సవర నేర్చుకున్నారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా సభలు పెట్టుకునే మనం, మన సెంటర్లో బిడ్డ మాట దగ్గరికి వచ్చేసరికి గ్రాంథికంలోకి పోతున్నాం.

సంగతి తాజాదైతే కాలంతో పని. బిడ్డకి స్నానం చేయించకూడదు, బట్టలు ఉతకకూడదు. బట్టలు మార్చాల్సి వస్తే విప్పినవి కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పట్టి బూజు వచ్చి ఆధారం పోతుంది. సెంటర్లో కాగితం సంచి లేకపోతే పాత న్యూస్‌పేపర్లో చుట్టకుండా ఉతికి ఆరబెట్టిన నూలుగుడ్డలో కట్టి ఇవ్వమన్నారు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది. ఆసుపత్రిలో "ఎఫ్‌ఐఆర్ కాగితం తెండి, అప్పుడు చూస్తాం" అనకూడదని 2020 పోక్సో నియమాల్లో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా చికిత్స ఉచితంగా ఇవ్వాలి. ఆడపిల్లని పరీక్ష చేసేది మహిళా డాక్టరే, బిడ్డ నమ్మే మనిషి పక్కన ఉండాలి. వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, బిడ్డ ఉన్నచోటికే రావాలి, ఏ కారణం చేతా రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. ఇవన్నీ అడిగి తీసుకోవాల్సినవి. మర్యాదగా, సెక్షన్ నంబర్‌తో అడిగితే ఎక్కువసార్లు దొరుకుతాయి. వాంగ్మూలం 24వ సెక్షన్, వైద్యపరీక్ష 27వ సెక్షన్.

మూడో రోజు ఫాస్టర్ కేర్. నాలుగు జంటల్లో మూడు దత్తతకి దగ్గరి దారనుకుని వచ్చాయి. కాదు. సొంత కుటుంబం ఇప్పుడు చూసుకోలేని బిడ్డని కొంతకాలం మన ఇంట్లో చూసుకోవడం ఇది. సొంత తల్లిదండ్రులు వచ్చి చూసి వెళ్తుంటారు, పరిస్థితి బాగుపడితే బిడ్డ వెనక్కి వెళ్తుంది. 2024 మార్గదర్శకాల ప్రకారం దంపతులకైతే ఇద్దరి వయసూ కలిపి కనీసం 70 ఉండాలి, పెళ్లయి రెండేళ్లయినా స్థిరంగా ఉండాలి. ఒంటరి వ్యక్తులకి కూడా ఇప్పుడు వీలుంది, పన్నెండేళ్లలోపు బిడ్డకైతే 35 నుంచి 55 మధ్య, అంతకంటే పెద్ద బిడ్డకైతే 60 దాకా. మగవాళ్లు మగపిల్లల్నే తీసుకోగలరు. బిడ్డ ఆరేళ్లు దాటినదై ఉంటుంది. చట్టప్రకారం దత్తతకి వీలున్న బిడ్డైతే రెండేళ్లు పెంచాక దత్తతకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతకుముందు అయిదేళ్లు ఆగాల్సొచ్చేది.

ఇంటి పరిశీలన, వైద్య పరీక్ష, పోలీసు వెరిఫికేషన్, స్పాన్సర్‌షిప్-ఫాస్టర్ కేర్ కమిటీ సిఫారసు, ఆపైన సమితి ఉత్తర్వు. ఉత్తర్వు రాకుండా ఎవరో తెచ్చి ఒప్పచెప్పిన బిడ్డని ఉంచుకుంటే అది ఫాస్టర్ కేర్ కాదు. నెలకి ఒక్కో బిడ్డకి నాలుగువేల రూపాయలు మిషన్ వాత్సల్య కింద వస్తాయి. సమితి ప్రతి నెలా వచ్చి చూడాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లని వీలైనంతవరకు విడదీయకూడదు. ఇంట్లో ఎవరెవరు ఉంటారన్న దగ్గర సెలవులకి వచ్చే మరిదిని, మేడ మీద అద్దెకున్న కుర్రాణ్ణి చెప్పకుండా వదిలేస్తారు. ముందు రాయాల్సింది వాళ్లనే.

ఇంట్లో చేసుకోవాల్సినవి కొన్నే, గట్టిగా చేసుకోవాలి. బిడ్డకి వేరే పడక. స్నానాలగదికి లోపల గడియ. బట్టలు మార్చుకోడానికి చాటు. మొదటి వారాల్లో దిండు కింద రొట్టెముక్కలు, జేబులో అరటిపండు దొరుకుతాయి. దొంగతనం కాదు. రేపు అన్నం ఉంటుందో లేదో తెలియని బిడ్డ చేసే పని. తిట్టకుండా, గూట్లో ఒక డబ్బా పెట్టి ఇది నీదే, ఎప్పుడైనా తీసుకో అంటే నెలల మీద తగ్గుతుంది. పక్క తడిపితే అందరి ముందు దుప్పటి ఆరబెట్టకూడదు. మొదట మరీ మంచిగా, చెప్పిందల్లా చేసే బిడ్డని చూసి మురిసిపోవద్దని చెప్పడం నాకు గుర్తుండిపోయింది. అది తరచుగా భయం. రెండు మూడు నెలలకి అల్లరి మొదలైతే ఇల్లు నమ్మకం కలిగించిందని లెక్క.

బిడ్డ పేరు మార్చకూడదు. భాష కూడా. సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర పిల్ల పట్నం ఇంట్లో ఏడాది తిరిగేసరికి తన భాషలో సగం మర్చిపోతుంది. సొంత అమ్మ వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వారానికి ఒకసారైనా ఆ భాష మాట్లాడే మనిషితో ఫోన్లోనైనా మాట్లాడించమన్నారు. ఫాస్టర్ తల్లిదండ్రులు రాసే డైరీలో కూడా బిడ్డ మాట బిడ్డ మాటలోనే.

ఇక మన జిల్లాల్లో అసలు ఫాస్టర్ కేర్ నడిపేది అమ్మమ్మలు, నాయనమ్మలు. చెన్నై, హైదరాబాద్ పనులకి, గుజరాత్ చేపల వేటకి వెళ్లినవాళ్ల పిల్లలు వాళ్ల దగ్గరే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో కొడుకునో కూతురినో పోగొట్టుకుని మనవల్ని పెంచుతున్న ముసలివాళ్లు ఉన్నారు. వీళ్లకి ఫాస్టర్ ఉత్తర్వు కంటే స్పాన్సర్‌షిప్, అంటే సొంతవాళ్ల దగ్గరే పెరిగే బిడ్డకి నెలనెలా వచ్చే డబ్బుసాయం, దానికి దరఖాస్తు ముఖ్యం. తల్లి భర్త లేని మనిషైనా, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో ఉన్నా, తల్లిదండ్రులు లేని బిడ్డ బంధువుల దగ్గర పెరుగుతున్నా అర్హత ఉంది. ఆదాయం పల్లెలో ఏడాదికి 72,000, పట్నంలో 96,000 మించకూడదు. నెలకి నాలుగువేలు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్తుంది. ఆగిపోయేది ఎక్కువగా మరణ ధ్రువపత్రం దగ్గర, బిడ్డ ఆధార్‌లో పేరు బడి రికార్డుతో కలవని దగ్గర. ఆ రెండూ ముందే సరిచేసి పంపితే తిరిగి రాదు.

శిక్షణ అయ్యాక మా రిజిస్టర్ అట్ట లోపలి వైపు ఒక కాగితం అంటించాం. స్టేషన్, సమితి, పరిరక్షణ విభాగం నంబర్లు, 1098, 112, చెప్పాల్సిన నాలుగు మాటలు, అడగాల్సిన రెండు ప్రశ్నలు. సెక్టార్ మీటింగ్‌లో అదే "మావ ఒగ్గనేదు" చదివి అందరి చేతా రాయించాం. "బాలిక" అని రెండు కాగితాల్లో వచ్చింది. మళ్లీ రాయించాం. వచ్చే నెలకి వేరే నాలుగు వాక్యాలు సిద్ధం చేశాం, ఒకటి సవరలో ఉంటుంది. భామిని వైపు ఆయమ్మ చెబుతుంది. అర్థం తెలియనివాళ్లు ఊహించి రాయకుండా, చెవికి వినబడ్డ ధ్వనిని తెలుగు అక్షరాల్లో పెట్టి, పక్కన "సవర, దుబాసీ కావాలి" అని రాస్తారా లేదా అన్నది అప్పుడు చూడాలి.